దూరం నుంచి ఆరోగ్య పరిశీలన: వైర్‌లెస్ సెన్సర్లను ఎంతవరకు నమ్మవచ్చు?



వెనకటి రోజుల్లో కొడుకు మిలిటరీకి పోతే, నెలల తరబడి ఉత్తరం రాకపోయినా ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట చెప్పుకుని సమాధానపడేవారు. "టెలిగ్రాం రాలేదుగా, బాగానే ఉంటాడు" అనేవారు. టెలిగ్రాం అంటే చెడ్డ కబురు, అది రాకపోవడమే మంచి కబురు అని లెక్క. ఆ టెలిగ్రాం 2013 జూలైలో మన దేశంలో ఆగిపోయింది. కానీ ఆ లెక్క మాత్రం మన బుర్రల్లోంచి పోలేదు. ఆ లెక్క వల్లనే కిందటి ఏడు జనవరిలో మా నాయన ప్రాణం మీదికి వచ్చింది. ఇవాళ్టి ప్రసంగానికి అదే కారణం.

మాది తళి పక్కన ఒక పల్లె. అటు నాలుగు అడుగులు వేస్తే కర్ణాటక, ఇటు తమిళనాడు, ఇంట్లో తెలుగు. నేను బడిలో లెక్కలు, సైన్సు చెబుతాను. మా నాయనకు 74 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. గుండె బలహీనపడింది. బెంగుళూరులో ఒక ఆస్పత్రి వారు ఇంటికి పంపిస్తూ ఒక పరికరాల పెట్టె ఇచ్చారు. ఛాతీ మీద అంటించుకునే పట్టీ ఒకటి, వేలికి తగిలించే క్లిప్పు ఒకటి, కిటికీ దగ్గర పెట్టే చిన్న డబ్బా ఒకటి. పట్టీ గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెడుతుంది. క్లిప్పు నెత్తుటిలో ప్రాణవాయువు ఎంత ఉందో చెబుతుంది. అవి రెండూ తీగ లేకుండా డబ్బాకు కబురు పంపుతాయి. డబ్బాలో సిమ్ కార్డు ఉంటుంది. అది ఆస్పత్రి కంప్యూటర్‌కు, అక్కడ నుంచి బెంగుళూరులో ఉన్న మా తమ్ముడి ఫోనుకు ఆ అంకెలను చేరవేస్తుంది.

ఆ రాత్రి నా ఫోనులో ఛార్జి అయిపోయింది. కరెంటు పోయినా పనిచేసే ప్లగ్గు మా ఇంట్లో ఒకటే ఉంది. డబ్బా ప్లగ్గు తీసి నా ఛార్జరు పెట్టాను. అరగంటలో మళ్లీ పెడదామనుకుని నిద్రపోయాను. తెల్లవారుజామున మూడు గంటలకు నాయన ఆయాసంతో లేచి కూర్చున్నారు. నన్ను లేపలేదు. అయిదింటికి నేను లేచేసరికి గోడకు ఆనుకుని ఎగరోజుతున్నారు. "ఎందుకు లేపలేదు నాయనా" అంటే, "యంత్రం చూస్తా ఉండాది కదమ్మా, ఏదన్నా అయితే వాళ్లే ఫోన్ చేస్తారులే అనుకుంటి" అన్నారు. తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, ఇక్కడ 96 అని పచ్చగా ఉంది గదా!" అన్నాడు. ఆ 96 రాత్రి పదిన్నరప్పటిది. ఆ తర్వాత ఒక్క కబురూ పోలేదు. తెర మీద మాత్రం ఆఖరి అంకె అలాగే పచ్చగా నిలిచిపోయింది.

నాయన ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. దేవుడి దయ. ప్లగ్గు తీసింది నేనే కనుక ఎవరినీ అనడానికి లేదు. అయితే ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. డబ్బా రెండు గంటలు కాదు, ఆరేడు గంటలు నోరు మూసుకుంటే, అది నోరు మూసుకున్నదని ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఆ ప్రశ్న పట్టుకుని చదివినది, కనుక్కున్నది మీతో పంచుకుంటాను. ఎందుకంటే ఇటువంటి పెట్టెలు ఇప్పుడు మన ఊళ్లకూ వస్తున్నాయి. పిల్లలు బెంగుళూరులోనో, చెన్నైలోనో, పూనాలోనో, ఇంకా దూర దేశాల్లోనో ఉంటే, ముసలివాళ్లు ఊళ్లో ఉంటారు. మధ్యన ఈ యంత్రం ఉంటుంది.

ముందుగా ఈ ఏర్పాటు ఏమిటో చూద్దాం. సెన్సర్ అంటే కొలిచే పరికరం. దానికి ఒక చిన్న బుర్ర, ఒక చిన్న రేడియో, ఒక బ్యాటరీ తగిలిస్తే అది కొలవడమే కాక కబురు కూడా పంపగలదు. అలాంటివి నాలుగైదు కలిసి ఒకదాని కబురు ఒకటి అందుకుంటూ, చివరకు ఒక పెద్ద డబ్బాకు చేరవేసే ఏర్పాటునే వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ అంటారు. మన ఊళ్లో బస్సు డ్రైవరు చేతికి ఉత్తరం ఇస్తే ఆయన టౌనులో టీకొట్టువాడికి ఇచ్చి, టీకొట్టువాడు మనవాడికి అందించినట్టే. చేతులు మారుతూ పోతుంది. వీటి మాటల కోసం 2003లో ఒక అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. ఒంటి మీద ధరించే పరికరాల కోసమే 2012లో ఇంకొక ప్రమాణం వచ్చింది. అంటే ఇది నిన్న మొన్నటి ప్రయోగం కాదు. ఇరవై ఏళ్లకు పైబడి నలుగుతున్న విద్య.

మరి ఇది ఎంతవరకు నమ్మదగినది? లెక్కల టీచరును కనుక ఒక చిన్న లెక్క చెబుతాను, వినండి. మా ఇంటి కబురు దారిలో అయిదు మెట్లు ఉన్నాయి. సెన్సర్ సరిగ్గా కొలవాలి, అది ఒకటి. ఆ కొలత డబ్బాకు చేరాలి, రెండు. డబ్బా నుంచి టవరుకు చేరాలి, మూడు. టవరు నుంచి ఆస్పత్రి కంప్యూటర్‌కు చేరాలి, నాలుగు. అక్కడ ఒక మనిషి దాన్ని చూడాలి, అయిదు. ఒక్కొక్క మెట్టుకు నూటికి 95 మార్కులు వేద్దాం. మా బడిలో 95 వస్తే ఇంటిల్లిపాదీ పండగ చేసుకుంటారు. కానీ అయిదు మెట్లూ దాటి చివరి వరకు చేరే కబుర్లు ఎన్ని? 95ను కూడకూడదు, నూటికి 95 వంతున అయిదుసార్లు హెచ్చవేయాలి. జవాబు సుమారు 77. అంటే నూటికి 23 కబుర్లు దారిలోనే పోయాయన్నమాట. అన్ని మెట్లూ మంచివే, దారి మాత్రం మంచిది కాదు. గొలుసు బలం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన మందు చాలా పాతదే. కబురు అందితే "అందింది" అని అవతలివాడు తిరిగి చెప్పాలి. ఆ జవాబు రాకపోతే ఇవతలివాడు ఇంకోసారి పంపాలి. మనీయార్డరు పంపితే పుచ్చుకున్నవారి సంతకంతో చీటీ తిరిగి వచ్చేది చూడండి, అదే పద్ధతి. ఒక్కసారి మళ్లీ పంపినా సరే, నూటికి అయిదు పోయేవి నాలుగు వందలకు ఒకటి పోయేదాకా తగ్గుతాయి. అప్పుడు అయిదు మెట్లూ దాటే కబుర్లు నూటికి దాదాపు 99 అవుతాయి. 77 ఎక్కడ, 99 ఎక్కడ!

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కబుర్లు ఒక్కొక్కటీ విడివిడిగా పోతాయని అనుకుంటేనే ఇది నిజం. నిజ జీవితంలో పోతే గుంపుగా పోతాయి. ఎందుకంటారా? ఈ చిన్న రేడియోలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ అనే తరంగాల మీద మాట్లాడతాయి. ఇంట్లోని వైఫై, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ ప్రాంతంలోనే పనిచేస్తాయి. ఆ తరంగాలను నీరు పీల్చుకుంటుంది. మన ఒంట్లో సగానికి పైగా నీరే కదా. కాబట్టి రోగి అటు తిరిగి, పరికరం ఒంటి కిందికి వచ్చేలా పడుకుంటే, ఒళ్లే గోడ అవుతుంది. మళ్లీ ఇటు తిరిగేదాకా కబుర్లన్నీ పోతాయి. వెంటవెంటనే పదిసార్లు పంపినా ఆ పదీ పోతాయి. ఇక మన వైపు ఇళ్ల సంగతి మీకు తెలుసు. మందపాటి రాతి గోడలు, పైన బండల మిద్దె. అమెరికాలో చెక్క గోడల ఇంట్లో పనిచేసిన పరికరం, మన బండల ఇంట్లో అదే తీరుగా పనిచేస్తుందని చెప్పలేం.

అందుకని మంచి పరికరం ఇంకో పని చేయాలి. కబురు పోలేదని తెలిస్తే పారేయకూడదు. వేళ వేసి తన దగ్గర దాచుకుని, దారి తెరుచుకున్నప్పుడు వరుసగా పంపాలి. తపాలా సంచీ ఏటి వరద వల్ల ఇవతలే ఆగినా, వరద తగ్గాక అన్ని ఉత్తరాలూ తేదీ ముద్రలతో చేరినట్టు. ఆ తేదీ ముద్ర చాలా ముఖ్యం. వేళ లేని అంకె ఎంత ప్రమాదమో మా ఇంట్లో చూశాం.

బ్యాటరీ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. చేతి గడియారంలో వేసే నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. దాని సత్తా సుమారు 225 మిల్లీ ఆంపియర్ గంటలు. మొదటి తరం సెన్సర్ల రేడియో పలుకుతున్నంతసేపూ సుమారు 18 మిల్లీ ఆంపియర్లు తాగేది. భాగించి చూడండి, పన్నెండున్నర గంటలు. అంటే ఎడతెగకుండా మాట్లాడితే పొద్దున వేసిన బ్యాటరీ రాత్రికి చల్లబడుతుంది. అందుకే ఈ పరికరాలు ఎక్కువసేపు నిద్రపోతాయి. నూటికి ఒక వంతు సమయమే మేలుకుంటే అదే బ్యాటరీ యాభై రోజులు వస్తుంది. మళ్లీ మళ్లీ పంపించడం కూడా బ్యాటరీని తాగడమే. నమ్మకం పెంచాలంటే బ్యాటరీ ఖర్చవుతుంది, బ్యాటరీ మిగల్చాలంటే నమ్మకం తగ్గుతుంది. ఊరకనే వచ్చేది ఏదీ లేదు.

ఇంతవరకు విన్నవారికి, అయితే లోపమంతా ఈ రేడియోలోనే ఉందేమో అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రకటించిన ఒక అధ్యయనం చదివాక నా అభిప్రాయం తలకిందులైంది. ఒక ఆస్పత్రిలో గుండె రోగుల వార్డులో ఏడు నెలల పాటు 41 మంది రోగులకు వైర్‌లెస్ పరికరాలు తగిలించి, నాడి, ప్రాణవాయువు కొలతలు సేకరించారు. ఎన్ని కబుర్లు చేరాయి, ఎన్ని పోయాయి అని లెక్క కట్టారు. రోగులందరినీ వరుసలో నిలబెట్టి నడిమి రోగిని చూస్తే, నెట్‌వర్క్ నమ్మకం నూటికి 99.68. అన్నిటికంటే తక్కువ వచ్చిన రోగికి కూడా 95కు పైనే. అంటే రేడియో తన పని తాను దివ్యంగా చేసింది. మరి కొలత? అదే నడిమి రోగికి సరైన కొలత వచ్చింది నూటికి 80.85 సార్లు మాత్రమే. అందరికంటే తక్కువ వచ్చిన రోగికి 0.46. నూటికి ఒక్కటి కూడా లేదు!

అంటే కబురు చేరవేసేవాడు బుద్ధిమంతుడే, కబురే సరిగ్గా లేదు. లోపం ఆకాశంలో లేదు, వేలి చివర ఉంది. క్లిప్పు జారిపోవడం, రోగి చెయ్యి కదపడం, స్నానానికి వెళుతూ తీసి మళ్లీ పెట్టుకోకపోవడం, ఇవీ కారణాలు. ఆ పరిశోధకులు సూచించిన మందులు కూడా తేలికైనవే. కొలత కుదరకపోతే ఇంకా ఎక్కువ సార్లు కొలవడం ఒకటి. క్లిప్పు ఊడిపోతే "ఊడిపోయింది" అని నర్సుకు గంట మోగించడం రెండోది. ఇంకో సంగతి. ఆ 41 మందిలో ముగ్గురి పరిస్థితి విషమించి వారిని ఐసీయూకు తరలించారు. వారి ఒంట్లో వచ్చిన మార్పును పసిగట్టడానికి సరిపడా కొలతలు ఈ పరికరాల నుంచి వచ్చాయి. కాబట్టి ఇది పనికిమాలిన విద్య కాదు. ఎక్కడ బలం, ఎక్కడ బలహీనత అని తెలుసుకుని వాడవలసిన విద్య.

వేలి క్లిప్పు సంగతి మీకు కరోనా రోజుల్లో బాగా పరిచయమే. 2020, 21లలో ఆక్సీమీటర్ లేని వీధి లేదు. 94 కంటే తగ్గితే జాగ్రత్త అని చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చింది. ఇది జపానుకు చెందిన టకువో అవోయాగి అనే ఇంజనీరు 1970లలో కనిపెట్టిన సూత్రం మీద నడుస్తుంది. క్లిప్పులోంచి ఎర్రటి వెలుగు, కంటికి కనపడని పరారుణ వెలుగు రెండూ వేలి గుండా పోతాయి. ప్రాణవాయువు నిండుగా ఉన్న నెత్తురు ఎర్ర వెలుగును తక్కువ పీలుస్తుంది, పరారుణాన్ని ఎక్కువ పీలుస్తుంది. వాయువు తగ్గిన నెత్తురు దీనికి ఎదురు. గుండె కొట్టుకున్నప్పుడల్లా వచ్చే తేడాను చూసి లెక్క కడతారు.

ఇంత సున్నితమైన కొలతకు అడ్డంకులు బోలెడు. వేలు చల్లబడితే నెత్తురు వేలి చివరకు సరిగ్గా రాదు, కొలత తప్పుతుంది. మా తళి వైపు మార్గశిరం, పుష్యమాసాల్లో తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో అక్కడివాళ్లను అడగండి. ఆ వేళ నాయన వేలికి క్లిప్పు పెడితే ఒకసారి 88 అంటుంది, చేతులు రుద్దుకుని కంబళి కప్పుకున్న తర్వాత 95 అంటుంది. గోళ్ల రంగు, నల్లటి గోరింటాకు కూడా వెలుగును అడ్డుతాయి. అంతేకాదు. 2020లో అమెరికా పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. నెత్తుటి పరీక్షలో ప్రాణవాయువు బాగా తగ్గిందని తేలినా, ఆక్సీమీటర్ మాత్రం బాగానే ఉందని చూపించిన సందర్భాలు తెల్లవారి కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. చర్మం రంగు కూడా కొలతను మారుస్తుందన్నమాట. ఎండలో కష్టపడి నల్లబడిన మన రైతు వేలికి ఇది వర్తించదని ఎవరు చెప్పగలరు? అందుకే అంకె బాగున్నా మనిషి బాగోలేకపోతే, మనిషినే నమ్మాలి.

ఇక రెండో చివరకు వద్దాం. కబురు చేరింది, మరి చూసేవారు? "నాన్నా పులి" కథ మీ అందరికీ తెలుసు. పిల్లవాడు ఊరికే రెండుసార్లు అరిచాడు, మూడోసారి నిజంగా పులి వస్తే ఎవరూ రాలేదు. అమెరికాలో ఆస్పత్రుల ప్రమాణాలను పరిశీలించే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2013లో చేసిన హెచ్చరిక అచ్చం ఈ కథే. అక్కడి ఆస్పత్రుల్లో యంత్రాలు మోగించే గంటల్లో నూటికి 85 నుంచి 99 వరకు ఎవరూ ఏమీ చేయనక్కర్లేనివేనని అంచనా. విని విని చెవులు మొద్దుబారతాయి. గంటలకు సంబంధించిన ఘటనలు 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు 98 ఆ సంస్థ దృష్టికి వచ్చాయి. వాటిలో 80 మరణాలు. నర్సులు పక్కనే ఉన్న ఆస్పత్రిలోనే ఇలా ఉంటే, నలభై మైళ్ల దూరంలో కూర్చుని నూరు ఇళ్ల తెరలు చూసే మనిషి సంగతి ఊహించండి. గంట మోగకపోతే ప్రమాదం, అస్తమానం మోగినా ప్రమాదమే.

ఇప్పుడు మన సరిహద్దువారికి ప్రత్యేకంగా ఉన్న చిక్కు. మన ఊళ్లలో ఫోను ఒక గదిలో తమిళనాడు టవరు అందుకుంటుంది, పెరట్లోకి పోతే కర్ణాటక టవరు అందుకుంటుంది. ఆ రోజు నాయన కోసం ఆంబులెన్సుకు ఫోన్ చేస్తే అవతల నుంచి కన్నడంలో పలికారు. అవతలి మనిషిది తప్పేమీ లేదు. నా పిలుపు పట్టుకున్న టవరు అటువైపుది. నాకు కన్నడం వచ్చు కనుక మా తాలూకా, జిల్లా పేర్లు చెప్పి, మళ్లీ ఇటు ఫోన్ చేసి బండి తెప్పించుకున్నాను. అందులో పావుగంట పోయింది. ఆ భాష రాని ముసలావిడ ఒంటరిగా ఉంటే? ఒడిశాలో బరంపురం వైపు ఉన్నా, బళ్లారి పక్క పల్లెల్లో ఉన్నా ఈ చిక్కు రావచ్చు. పరికరం ఎంత గొప్పదైనా, చివరకు తలుపు తట్టవలసింది ఒక మనిషే. ఆ మనిషి ఏ ఊరి నుంచి వస్తాడు, ఏ భాష మాట్లాడతాడు అనేది కూడా ఆ అయిదు మెట్ల తర్వాత ఆరో మెట్టు.

ఇంత చెప్పినందుకు ఇవన్నీ మనకొద్దులే అని అనుకోకండి. దూరవైద్యం మన తెలుగు నేలకు కొత్త కాదు. మాకు పొరుగున ఉన్న చిత్తూరు జిల్లాలో అరగొండ అనే పల్లెను 2000 సంవత్సరంలోనే చెన్నైలోని పెద్ద డాక్టర్లతో కలిపారు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని మొదలుపెట్టింది. 2020 మార్చిలో దూరవైద్యానికి నియమావళి వచ్చింది. పదహారు మైళ్లు బస్సులో కుదుపులు తింటూ పోలేని రోగికి ఇది వరమే. మా నాయనకు ఆ పెట్టె ఉన్నందువల్లే, అంతకుముందు ఒకసారి గుండె లయ తప్పడం డాక్టరు కంటబడి మందు మార్చారు. ఆ మేలు నేను మరిచిపోను. పెట్టెను నమ్మాలి. కానీ ఎంత నమ్మాలో తెలిసి నమ్మాలి.

అందుచేత, మీ ఇంటికి ఇలాంటి పెట్టె వస్తే, ఇచ్చేవారిని అయిదు ప్రశ్నలు అడగండి. మొహమాటపడకండి.

మొదటిది, కబురు ఆగిపోతే ఆ సంగతి ఎవరికి, ఎన్ని నిమిషాల్లో తెలుస్తుంది? మంచి ఏర్పాటులో డబ్బా ప్రతి కొద్ది నిమిషాలకూ "ఉన్నాను" అని చెప్పాలి. ఆ మాట వినపడకపోతే గంట మోగాలి. రెండోది, తెర మీద అంకె పక్కన వేళ కనపడుతుందా? పాత అంకె పచ్చగా ఉండకూడదు, రంగు మారాలి. మూడోది, కరెంటు పోతే డబ్బా ఎన్ని గంటలు నిలుస్తుంది, అప్పటిదాకా కొలతలను దాచుకుంటుందా? నాలుగోది, పగలు, రాత్రి, ఆదివారం, పండగ రోజు ఆ తెర చూసే మనిషి ఉన్నారా? కొన్ని ఏర్పాట్లలో పగటి వేళల్లోనే చూస్తారు. ఆ మాట ముందే తెలిస్తే రాత్రికి మన జాగ్రత్తలో మనం ఉంటాం. అయిదోది, ప్రమాదం వస్తే వారు ఎవరికి ఫోన్ చేస్తారు? దూరాన ఉన్న కొడుకు నంబరు ఒకటే ఇవ్వకండి. పక్కింటివారి నంబరు, ఊళ్లో బండి ఉన్నవారి నంబరు కూడా ఇవ్వండి. ఏ రాష్ట్రం, ఏ తాలూకా, ఏ భాష అన్నది కాగితం మీద రాయించండి.

ఇంట్లో చేయవలసినవి కూడా ఉన్నాయి. డబ్బా ప్లగ్గు మీద ఎర్ర సిరాతో "తీయరాదు" అని రాయండి. నేను ఇప్పుడు రాశాను. పెట్టె వచ్చిన మొదటి రోజే ఒక పరీక్ష చేయండి. కావాలనే క్లిప్పు తీసి పక్కన పెట్టి చూడండి. అటువైపు నుంచి ఎవరైనా ఎంతసేపట్లో అడుగుతారో గడియారం చూసుకోండి. ఎవరూ అడగకపోతే మీకు జవాబు దొరికినట్టే. రోగిని పడుకునే చోట పడుకోబెట్టి, రెండు వైపులా ఒత్తిగిలమని చెప్పి, కబురు అందుతుందో లేదో చూడండి. అందకపోతే డబ్బా చోటు మార్చండి. అన్నిటికంటే ముఖ్యంగా, పెద్దవాళ్లకు విడమరిచి చెప్పండి. యంత్రం చూస్తోంది కదా అని ఊరుకోవద్దు, ఒంట్లో బాగోలేకపోతే మమ్మల్ని లేపు, నిద్ర చెడితే చెడనీ అని చెప్పండి.

మా బడిలో పొద్దున్నే హాజరు పిలుస్తాం. పేరు పిలిస్తే పిల్లవాడు "ఉన్నాను మేడం" అంటాడు. పలకకపోతే నేను వాడు బాగున్నాడని రాసుకోను, జబ్బుపడ్డాడని కూడా రాసుకోను. రాలేదు అని రాసుకుని, ఎందుకు రాలేదో కనుక్కోవడానికి ఇంటికి కబురు పంపుతాను. ఇరవై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని. అదే పని మా ఇంట్లో యంత్రం విషయంలో చేయడం నాకు తట్టలేదు. ఇప్పుడు చేస్తున్నాం. రాత్రి పడుకోబోయే ముందు తమ్ముడు ఫోన్ చేసి తన తెర మీద అంకె, వేళ చదువుతాడు. నేను ఇక్కడ నాయన చెయ్యి పట్టుకుని, డబ్బా దీపం చూసి సరిపోల్చుకుంటాను. రెండు నిమిషాల పని. నాయన నవ్వుతారు. "యంత్రానికి కూడా హాజరు పిలుస్తా ఉండావే" అంటారు.

పిలవాలి మరి. పలకని యంత్రం కుశలం చెప్పినట్టు కాదు.